తాగుడు మానదలచినవారికి తోటివారి బృందము

బిలాస్‌పూర్ ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున అర్పా నది యొడ్డున నున్న పట్టణము. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఈ ప్రాంతమున ఇనుపదారి వేసిననాటినుండియు ఇది రైల్వే ఊరుగనే పెరిగినది. ఆ కంపెనీ బండ్లు విశాఖపట్టణము వైపునకును నడచుచుండెడివి. ఆ కారణముచే శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములనుండి తెలుగువారు పనికై వచ్చి, ఖలాసీలుగను, గ్యాంగుమనులుగను, ఫైర్‌మనులుగను చేరి ఇచటనే స్థిరపడిరి. 2003లో ఈ పట్టణము దక్షిణ తూర్పు మధ్య రైల్వేకు ప్రధాన కార్యస్థానమైనది. బుధవారీ బజారులో కూరలు బేరమాడునపుడును, తోర్వా వీధులలోను నేటికిని తెలుగు మాట వినబడుచుండును.

ఇట్టి ఊరిలో తాగుడు ఒక ఇంటి రహస్యముగ నుండజాలదు. అయినను అందరును దానిని రహస్యముగనే నడుపుదురు. క్వార్టరుకును క్వార్టరుకును నడుమ నుండునది ఒక్కటే గోడ. రాత్రి ఏ యింట కేకలు లేచినవో ఉదయము కుళాయి యొద్ద నున్నవారికెల్ల తెలియును. కాని ఎవరును పైకి అనరు. ఇల్లాలు ‘ఆయనకు జ్వరము’ అని డ్యూటీకి కబురు పంపును. కొడుకు కిరాణా కొట్టులో తండ్రి పద్దు తలవంచుకొని తీర్చి వచ్చును. జీతము వచ్చిన మూడవనాటికే చేబదులు వెదకుకొను ఇండ్లు ప్రతి వీధిలోను కలవు.

ఈ మౌనమువలన ఎంత నష్టమగుచున్నదో అంకెలు చెప్పును. ఢిల్లీలోని అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థ నిర్వహింపగా, కేంద్ర సాంఘిక న్యాయ మంత్రిత్వశాఖ 2019లో ప్రకటించిన జాతీయ సర్వేక్షణము ప్రకారము, దేశములో 10 మొదలు 75 ఏండ్ల వయస్సువారిలో నూటికి 14.6 మంది, అనగా సుమారు 16 కోట్ల మంది, మద్యము సేవించుచున్నారు. వారిలో 5 కోట్ల 70 లక్షల మందికి ఆ అలవాటు హాని చేయుచున్నది. వారికి సహాయము అవసరము. మద్యపానము మిక్కిలి హెచ్చుగా నున్న రాష్ట్రములలో ఛత్తీస్‌గఢ్ ఒకటి. ఇంతకంటె ఆలోచింపదగిన అంకె వేరొకటి కలదు. మద్యమునకు పూర్తిగా లోబడినవారిలో ఏదో యొక చికిత్స పొందినవారు 38 మందిలో ఒక్కరు మాత్రమే. తక్కిన 37 మంది మందులు లేకనో, ఆసుపత్రులు లేకనో మాత్రమే ఆగిపోయినారనుట సరికాదు. పెక్కుమంది ద్వారము దాటుటకు సిగ్గుపడి ఆగిపోయినారు. ఆ ద్వారమును దాటుట ఎట్లో తెలుపుటకే ఈ చిన్నపుస్తకము వ్రాయబడినది.

వ్యాధి స్వరూపము

తాగుడునకు లోబడినవానిని లోకము చెడ్డవాడనును, మనస్స్థైర్యము లేనివాడనును. వైద్యశాస్త్రము అతనిని రోగి యనును. అమెరికా వైద్యసంఘము 1956లోనే దీనిని వ్యాధిగా అంగీకరించినది. చిరకాలము హెచ్చుమోతాదున మద్యము సేవించినచో మెదడును నాడులును దానికి అలవడిపోవును. మొదట సంతోషమునకై తాగినవాడు తరువాత అలసట తీరుటకై తాగును. కడకు చేతి వణకు నిలుచుటకై తాగును. ఈ మూడవ దశకు వచ్చినవానికి ‘బుద్ధి తెచ్చుకొమ్ము’ అని చెప్పుట, క్షయరోగికి దగ్గు మానుమని చెప్పుట వంటిది.

తనకు ఈ వ్యాధి అంటినదో లేదో తెలిసికొనుటకు జాన్ యూయింగ్ అను అమెరికా వైద్యుడు 1984లో ప్రచురించిన నాలుగు ప్రశ్నలు నేటికిని ఆసుపత్రులలో వాడుకలో నున్నవి. తాగుడు తగ్గించుకొనవలెనని ఎప్పుడైన తోచినదా? ఇతరులు తన తాగుడునుగూర్చి మాటలాడినపుడు చిరాకు కలిగినదా? తాగినందుకు తప్పుచేసినట్లు మనస్సు నొచ్చినదా? ప్రొద్దున లేవగనే నాడులు కుదుటపడుటకు ఒక గుక్క తాగవలసి వచ్చినదా? వీనిలో రెండింటికి ‘అవును’ అని జవాబు వచ్చినచో వైద్యుని సంప్రదింపవలెను. ఈ ప్రశ్నలను భార్య భర్తను అడుగుటకంటె, అతడే ఒంటరిగా నున్నపుడు తనను తాను అడుగుకొనుట మేలు. పరులు అడిగినచో రెండవ ప్రశ్నకు జవాబు అప్పటికప్పుడే దొరకిపోవును!

మొదట వైద్యుడు, పిమ్మట బృందము

ఒక హెచ్చరిక. ఏండ్ల తరబడి ప్రతిదినము హెచ్చుగా తాగుచున్నవాడు వీరావేశముతో ఒక్కసారిగా మానివేయరాదు. చివరి గుక్క తరువాత 6 గంటలు మొదలుకొని వణకు, చెమట, వాంతులు, నిద్రలేమి కనబడును. రెండు దినముల లోపల మూర్ఛలు రావచ్చును. రెండవ దినము మొదలు నాలుగవ దినమువరకు కొందరికి మతి చలించి, లేని పురుగులును మనుష్యులును కన్పట్టి, జ్వరము వచ్చి, ప్రాణమునకే ముప్పు కలుగును. దీనిని చూచిన పెద్దలు ‘గాలి సోకినది’ అని తాయెత్తు కట్టించుటయు, మరికొందరు ‘కొంచెము పోసిన సర్దుకొనును’ అని సీసా తెచ్చి యిచ్చుటయు జరుగుచున్నది. ఇది వైద్యముచే నివారింపదగిన ఉపద్రవము. నాడులను శాంతింపజేయు మందులును, థయామిన్ అను బి-1 విటమినును వైద్యుడు కొలది దినములు ఇచ్చినచో ఈ గండము దాటును.

బిలాస్‌పూర్‌లో ఇందుకు ఊరు దాటిపోవలసిన పని లేదు. రైల్వే ఉద్యోగులకును వారి కుటుంబములకును రైల్వే కేంద్రీయ ఆసుపత్రి కలదు. అందరికిని సిమ్స్ అని పిలువబడు ఛత్తీస్‌గఢ్ వైద్యవిజ్ఞాన సంస్థ కలదు. పట్టణ సమీపమున సేంద్రి గ్రామమున రాష్ట్ర మానసిక ఆసుపత్రి కలదు. సేంద్రి పేరు వినగనే ‘పిచ్చాసుపత్రి’ అని జంకువారు హెచ్చు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము మద్యపాన సంబంధమైన మానసిక రుగ్మతలనుగూడ తన పరిధిలో చేర్చినది. కావున అచటికి పోవుట రోగి హక్కు, అవమానము కాదు.

అదే చట్టము రోగిని గొలుసులతో కట్టుటను ఏ విధముగను అనుమతింపదు. కొందరు ‘నషా ముక్తి కేంద్రము’ అని పలక కట్టి, మనిషిని బలవంతముగ ఎత్తుకొనిపోయి, గదిలో బంధించి కొట్టుట కలదు. అట్టి చోటికి సొమ్ము చెల్లించి కుమారుని అప్పగింపకమునుపు, ఆ కేంద్రము చట్టప్రకారము నమోదైనదో లేదో, వైద్యుడు వచ్చుచున్నాడో లేదో, ఇంటివారిని చూడనిత్తురో లేదో అడిగి తెలిసికొనవలెను.

ఇక అన్నములో కలిపి పెట్టు పొడులు. ‘తాగువానికి తెలియకుండ పెట్టుడు, నెలలో మానును’ అని గోడలపై ప్రకటనలు కానవచ్చును. డెన్మార్కు దేశమున 1948లో వైద్యమునకు తెచ్చిన డైసల్ఫిరమ్ అను మందు కలదు. అది కడుపులో నుండగా మద్యము తాగినచో ముఖము ఎఱ్ఱబారి, గుండె దడదడలాడి, వాంతులగును. రక్తపు పోటు పడిపోయి మృతియు కలుగవచ్చును. రోగికి అన్నియు తెలిపి, అతని సమ్మతితో, వైద్యుని పర్యవేక్షణలో వాడవలసిన మందు అది. తెలియకుండ పెట్టుట విషము పెట్టుటతో సమానము. ఎంత ప్రేమతో పెట్టినను ఫలము మారదు.

బృందము పుట్టుక

ఆసుపత్రి శరీరమునుండి మద్యమును తీసివేయును. పది దినములకు మనిషి తేరుకొని ఇంటికి వచ్చును. వీధి అదే, స్నేహితులు వారే, సాయంకాలము ఆరు గంటలు అట్లే వచ్చును. ఇచటనే తోటివారి బృందము అవసరమగుచున్నది.

ఇట్టి బృందములలో ప్రపంచమున మిక్కిలి వ్యాపించినది ‘ఆల్కహాలిక్స్ అనానిమస్’. పొడి అక్షరములతో ఏ.ఏ. అందురు. దాని పుట్టుక విచిత్రమైనది. న్యూయార్కు నగరమున షేర్ల వ్యాపారము చేయుచుండిన బిల్ విల్సన్ తాగుడుచే సర్వమును పోగొట్టుకొని, కొన్ని నెలలక్రితమే మానినవాడు. 1935 మే నెలలో పనిమీద ఓహయో రాష్ట్రమునందలి ఏక్రన్ పట్టణమునకు పోయెను. ఆ పని చెడినది. హోటలు చావడిలో ఒంటరిగా నిలువగా, ఒకవైపు మద్యశాలలోని నవ్వులు వినబడినవి. మరియొకవైపు టెలిఫోను కానవచ్చినది. తాను తాగకుండవలెనన్నచో మరియొక తాగుబోతుతో మాటలాడవలెనని అతనికి తోచినది. చర్చి గురువుల పేర్లు వెదకి టెలిఫోను చేయగా, ఆ వెదకులాట చివరకు బాబ్ స్మిత్ అను శస్త్రవైద్యుని యొద్దకు దారితీసినది. ఆ వైద్యుడును తాగుడుచే నాశనమగుచుండెను. పదునైదు నిమిషములు మాత్రమే వినెదనని వచ్చిన ఆ వైద్యుడు గంటలకొలది కూర్చుండిపోయెను. ఏలయన, అప్పటివరకు అతనికి నీతులు చెప్పినవారే కాని, తమ కథ చెప్పినవారు లేరు. డాక్టరు స్మిత్ చివరిసారి తాగిన దినము 1935 జూన్ 10 అని చెప్పుదురు. ఆ దినమునే సంస్థ పుట్టినదినముగా పరిగణింతురు.

ఇందులోని కీలకము గమనింపదగినది. విల్సన్ ఆ వైద్యుని ఉద్ధరింపబోలేదు. తాను నిలుచుటకు ఆధారము వెదకుకొనెను. నేటికిని సుమారు 180 దేశములలో జరుగు ఈ సమావేశముల కిటుకు ఇదియే. సహాయము కోరి వచ్చిన కొత్తవాడు అచటి పాతవారికి బరువు కాడు. అతని రాక వారికే మందు. ‘నావలన వారికి శ్రమ’ అని వెనుదీయుచున్నవాడు ఈ మాట ఎఱిగియుండుట మంచిది.

భారతదేశమున ఈ బృందము 1957లో బొంబాయిలో ఆరంభమైనది.

ఎచట వెదకవలెను

బృందమునకు పెద్ద కట్టడముగాని, ప్రకటనలుగాని ఉండవు. సాధారణముగ బడిలోని ఒక గదియో, చర్చి ఆవరణలోని హాలో, ఆసుపత్రిలోని ఒక మూలగదియో వారమునకు ఒకటి రెండు సాయంకాలములు అద్దెకు తీసికొందురు. అందుచే ఆ వీధిలోనే నివసించువారికిని ఆ సంగతి తెలియకపోవచ్చును. వెదకు పద్ధతి ఇది.

కేంద్రప్రభుత్వపు మత్తుపదార్థముల విముక్తి సహాయవాణి సంఖ్య 14446. దీనికి ఖర్చు లేదు. మనోవ్యథకు సంబంధించిన ఏ విషయమునకైనను 2022 అక్టోబరులో ప్రారంభింపబడిన టెలిమానస్ అను సేవకు 14416 సంఖ్యపై పగలుగాని రాత్రిగాని మాటలాడవచ్చును. ఈ సేవ తెలుగుతో సహా 20 భాషలలో లభించును. హిందీ పట్టణమున నివసించు తెలుగు ఇల్లాలికి ఇది చిన్న మేలు కాదు. బజారు హిందీ వచ్చినంతమాత్రమున కడుపులోని బాధ హిందీలో చెప్పవచ్చునని అనుకొనరాదు. ఏ.ఏ. సంస్థయొక్క భారతీయ కార్యాలయము ముంబయిలో కలదు. ఏ ఊరిలో ఏ బృందము ఏ దినమున కలియునో అచట విచారింపవచ్చును. పైన చెప్పిన ఆసుపత్రులలోని మానసిక వైద్యవిభాగమునగూడ ఈ విషయమునే అడుగవచ్చును.

అడుగునపుడు పేరు చెప్పనక్కరలేదు. ఏ శాఖలో ఉద్యోగమో చెప్పనక్కరలేదు. ‘అయ్యా, సమావేశము ఏనాడు, ఎన్ని గంటలకు, ఎచట?’ అని అడిగిన చాలును. హిందీలో ‘మీటింగ్ కబ్ ఔర్ కహాఁ హోతీ హై?’ అను ఏడుమాటలలోపలి ప్రశ్న. స్థలములును వేళలును మారుచుండును గనుక, బయలుదేరు దినముననే మరల ఒకసారి అడిగి పోవుట మేలు. ఎవరైన ఒక సభ్యుడు వచ్చి స్టేషను యొద్దనో, నాలుగు రోడ్ల కూడలిలోనో కలిసికొని వెంటబెట్టుకొని పోవునా యని అడుగుటయు తప్పుకాదు. పెక్కు బృందములు ఈ పని సంతోషముతో చేయును.

రైల్వే ఉద్యోగికి ఒక ప్రత్యేకమైన భయము కలదు. బండి నడుపువారు డ్యూటీకి హాజరగునపుడు శ్వాసపరీక్ష జరుగును. పట్టుబడినచో శిక్ష తప్పదు. ‘ఈ బృందమునకు పోయినచో ఆఫీసుకు తెలిసి ఉద్యోగము పోవునేమో’ అని ఇంజను డ్రైవరు అనుకొనుట సహజము. ఏ.ఏ. హాజరుపట్టిక ఉంచదు, యజమానికిగాని, కోర్టుకుగాని ఉత్తరములు వ్రాయదు, సభ్యుల జాబితా ఎవరికిని ఈయదు. ఉద్యోగమునకు ముప్పు తాగిన నోటితో డ్యూటీకి పోవుటలో కలదు, సాయంకాలము ఒక గదిలో కూర్చుండి టీ తాగుటలో లేదు. ఆ డ్రైవరు వెనుక బొగ్గుతో నిండిన బండియో, ప్రయాణికులతో నిండిన పెట్టెలో ఉండునన్న సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

తొలి సమావేశము

మొదటిసారి పోవువాడు సాధారణముగ వీధి మొగలో ఒకసారి నిలిచి, తెలిసినవారెవరైన చూచుచున్నారాయని వెనుకకు చూచి, ఒకటి రెండుసార్లు ద్వారము దాటి ముందుకు నడచిపోవును. ఇది అందరును చేసిన పనియే. లోపల నున్నవారిలో ప్రతివాడును ఒకనాడు అదే వీధి మొగలో నిలిచినవాడు. కొందరు మొదటి దినము తిరిగిపోయి రెండవ వారము లోపలికి వత్తురు. ఆ తిరిగిపోవుటను ఎవరును లెక్కపెట్టరు.

గదిలో వరుసగనో, వలయముగనో కుర్చీలుండును. పదిమందియో, ఇరువదిమందియో ఉందురు. కొన్ని చోట్ల నలుగురే ఉందురు. ఉతికిన చొక్కాలు తొడిగి, నవ్వుచు మాటలాడుచుందురు. తాగుబోతుల సభ యెట్లుండునో అని ఊహించుకొని వచ్చినవానికి ఇదియే మొదటి ఆశ్చర్యము. రుసుము లేదు, దరఖాస్తు లేదు. సభ్యత్వమునకు కావలసిన అర్హత ఒక్కటే, తాగుడు మానవలెనను కోరిక. మానియుండవలెనను నియమముగూడ లేదు. అయినను ఆ పూట తాగకుండ పోయినచో వినునది తలకెక్కును.

కొలదిసేపు మౌనమో, చిన్న ప్రార్థనయో జరిగిన తరువాత ఒక సభ్యుడు అధ్యక్షత వహించి సంస్థ ఉద్దేశమును చదువును. పిమ్మట ఒక్కొక్కరు తమ మొదటి పేరు చెప్పి, తాము ఆల్కహాలిక్కులమని చెప్పుకొని, తమ అనుభవము కొన్ని నిమిషములు చెప్పుదురు. తాగినకాలమున ఏమి జరిగినది, ఎట్లు మానిరి, ఇప్పు డెట్లున్నారు అను మూడు ముక్కలే. ఒకరు చెప్పుచుండగా మరియొకరు అడ్డుపడరు, సలహా ఈయరు, తీర్పు చెప్పరు. కొత్తవాడు మాటలాడనవసరము లేదు. ‘ఈనాడు వినుటకు మాత్రము వచ్చితిని’ అనిన చాలును. గంటయో గంటన్నరయో ఇట్లు జరిగి టీతో ముగియును. ఒక సంచియో డబ్బాయో చుట్టు తిరుగును. గది అద్దెకును టీకిని సభ్యులు తోచినంత వేయుదురు. కొత్తవాడు ఏమియు వేయకుండుటయే వాడుక. బయటివారి విరాళము లీ సంస్థ స్వీకరింపదు. ఈ నియమము 1950లో ఆమోదింపబడిన పండ్రెండు సంప్రదాయములలో ఒకటి. ఈ కారణముననే ఏ రాజకీయపక్షమునకుగాని, వ్యాపారికిగాని, ప్రభుత్వమునకుగాని అది లోబడి లేదు.

ఇచట మాటనుగూర్చి ఒక మాట. తెలుగులో ‘తాగుబోతు’ అనునది తిట్టు. ఇంగ్లీషు పదమునకు సరియైన, తిట్టు కాని తెలుగు పదము ఇంతవరకు వాడుకలోనికి రాలేదు. అందుచే సభ్యులు ఇంగ్లీషు పదమునే వాడుదురు. అయినను కొందరు తెలుగు సభ్యులు సమావేశములో ‘నేను తాగుబోతును’ అనియే చెప్పుదురు. ఇతరులు విసరిన రాయిని తానే చేతికి తీసికొన్నవానికి ఆ రాయి తగులదు గదా.

ఎవరు ఏమి చెప్పినను ఆ మాట గది దాటరాదనునది అందరును పాటించు మర్యాద. బుధవారీ బజారులో ఎదురుపడినను ‘మొన్న నిన్ను అచట చూచితిని’ అని అనరు. చిన్న ఊరిలో ఇది అసాధ్యమని తోచవచ్చును. కాని అచటికి వచ్చిన పక్కవీధివాడును అదే రహస్యము దాచుకొనవలసినవాడు; ఇద్దరి పరువు ఒకే మూటలో నున్నది.

దేవుని పేరు వినబడుటచే కొందరు వెనుదీయుదురు. 1939లో ప్రచురింపబడిన సంస్థ గ్రంథములోని పండ్రెండు మెట్లలో తనకంటె మించిన శక్తి యొక్కటి కలదను ప్రస్తావన వచ్చును. ఆ శక్తి ఏదో ఎవరికి తోచినట్లు వారే నిర్ణయించుకొనవచ్చును. హిందువులు, మహమ్మదీయులు, క్రైస్తవులు ఒకే గదిలో కూర్చుందురు. దేవుని నమ్మనివారు ఆ బృందమునే తమకు మించిన శక్తిగా తలతురు. ఇది మతము కాదు. మెట్లలో తక్కినవి మరింత కష్టమైనవి: తాగుడు తన చేయి దాటినదని ఒప్పుకొనుట, తాను నొప్పించినవారి జాబితా వ్రాయుట, సాధ్యమైనచోట పోయి దిద్దుకొనుట. ఇవి మొదటి వారముననే చేయవలసినవి కావు. మొదటి వారమునకు ‘ఈ దినము మాత్రము తాగను’ అనునది చాలును.

పోవుచున్నపుడు పాతసభ్యులు ఫోను నెంబరులు ఇత్తురు. వానిని జేబులో నుంచుకొనుటయే కాదు, వాడవలెను. మొదటి గుక్కకు ముందు చేసిన ఫోను పనికివచ్చును. తరువాత చేసినది సాధారణముగ ఏడ్పుగనే ముగియును. కొన్ని వారముల తరువాత, నచ్చిన ఒక పాతసభ్యుని తనకు మార్గదర్శిగ నుండుమని కోరవచ్చును. అతనిని ‘స్పాన్సరు’ అందురు. అతడు గురువు కాడు, జామీనుదారుడు కాడు. అదేదారిలో నాలుగడుగులు ముందు నడచినవాడు.

మానినవాడు మరల తాగుట జరుగును. జరిగినచో రెండవ దినముననే తిరిగి పోవలెను. అచట ఎవరును చీవాట్లు పెట్టరు. దినములను ఒకటినుండి మరల లెక్కింతురు.

ఫలమెంత

అందరును నిలిచెదరని చెప్పుట అబద్ధమగును. వచ్చినవారిలో పలువురు కొలది వారములకే మానివేయుదురు. అయినను ఈ పద్ధతిని శాస్త్రజ్ఞులు పరీక్షింపకపోలేదు. 2020లో కోక్రేన్ సంస్థ ప్రచురించిన సమీక్ష 27 పరిశోధనలను, అందు పాల్గొన్న 10,565 మంది ఫలితములను పరిశీలించి, ఏ.ఏ. మార్గమున చేర్చు క్రమబద్ధమైన చికిత్స, పూర్తిగా తాగకుండుట విషయమున ఇతర ప్రసిద్ధ చికిత్సలకంటె మెరుగుగ పనిచేయునని తేల్చినది. మందులు వాడుచు బృందమునకు పోవుటలో విరోధమేమియు లేదు. వైద్యుడు ఇచ్చిన మందును సభ్యుని మాటపై మానరాదు.

అంగడి మూయించినచో చాలదా యని అడుగువారు కలరు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు ఆరంభించిన సారా వ్యతిరేకోద్యమము ఆంధ్రదేశమంతయు వ్యాపించినది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది, 1997లో సడలింపబడినది. ఆ స్త్రీల కృషి చిరస్మరణీయము. కాని అంగడి మూసినను తెరచినను, అప్పటికే వ్యాధి అంటిన మనిషికి చికిత్సయు తోడును కావలసియే యున్నవి. ఛత్తీస్‌గఢ్‌లో అంగళ్లు తెరచియే యున్నవి.

ఇంటివారు

తాగువాడు రానన్నను ఇంటివారు పోవచ్చును. బిల్ విల్సన్ భార్య లోయిస్ మరియొక స్త్రీతో కలిసి 1951లో ‘అల్-అనాన్’ అను కుటుంబబృందమును స్థాపించినది. భారతదేశములోను ఇది కలదు. భర్తను మార్చు ఉపాయములు అచట నేర్పరు. తన నిద్ర, తన పిల్లలు, తన గౌరవము ఎట్లు నిలుపుకొనవలెనో అచటి స్త్రీలు ఒకరి కొకరు చెప్పుకొందురు. ‘జ్వరము’ అని డ్యూటీకి కబురు పంపుట మానుట, అప్పులు తీర్చుట మానుట వంటివి అత్తగారికి నిర్దయగ తోచవచ్చును. అతని తప్పును కప్పిపుచ్చినంతకాలము అతనికి ద్వారము దాటవలసిన అవసరము కలుగదు. అయినను కొట్టు మనిషి యొద్ద ఓర్పు వహింపుమని ఏ బృందమును చెప్పదు. ప్రాణభయమున్నచో 112 సంఖ్యకు ఫోను చేసి పోలీసు సహాయము పొందవలెను.

తాగినవానితో ఆ రాత్రి వాదింపరాదు. మరునాటి ఉదయము, మత్తు దిగి, తల నొచ్చుచు, సిగ్గు ఇంకను మిగిలియున్న గంటయే తగిన సమయము. అన్నగారో, బావగారో, అతడు గౌరవించు మేస్త్రీయో నెమ్మదిగ చెప్పవలెను: ‘ఈ సాయంత్రము నాతో ఒకచోటికి రా బాబూ. నచ్చకపోతే టీ తాగి వచ్చేద్దాం.’ పెక్కు సమావేశములు సభ్యులకు మాత్రమే. కొన్ని బయటివారినిగూడ రానిచ్చు బహిరంగ సమావేశములు. బంధువు వెంట రాదలచినచో ఏది బహిరంగమో ముందు తెలిసికొనవలెను.

డ్యూటీ వేళలు

రన్నింగు సిబ్బందికి వారములు నిలుకడగ నుండవు. ఒక రాత్రి బిలాస్‌పూర్, మరునాడు మరియొక ఊరి రన్నింగు రూము. ఇంటికి దూరమైన ఆ మంచమే పెక్కుమందికి మొదటి సీసా తెరపించినది. ఏ ఊరి సమావేశమునకైనను ఏ ఊరి సభ్యుడైనను పోవచ్చును గనుక, తాను పోవు ఊళ్లలోని స్థలములను వేళలను ఒక చీటీపై వ్రాసికొనియుంచుట మంచిది. 2020 నాటి కరోనా కాలమునుండి ఫోను ద్వారా చేరగల సమావేశములును విస్తరించినవి. చెవికి తీగ పెట్టుకొని రన్నింగు రూము మూలనుండియైనను వినవచ్చును. హైదరాబాదు, విశాఖపట్టణముల బృందములలో తెలుగున మాటలాడుదురు.

బిలాస్‌పూర్‌లో సమావేశము హిందీలో జరుగుచుండగా హిందీ అంతగా రాని పెద్దవాడు, రిటైరైన ఖలాసీ, ఏమి చేయవలెను? సంస్థ సంప్రదాయము ప్రకారము మానదలచినవారు ఇద్దరు ముగ్గురు కలిసినచో అదియే బృందము. ఎవరి అనుమతియు అక్కరలేదు. కొంతకాలము హిందీ సమావేశములో కూర్చుండి పద్ధతి తెలిసికొన్న పిమ్మట, తోర్వాలోనో, బజారు పక్కనో అద్దెకు దొరకు ఒక గది చూచుకొని, ఆదివారము సాయంకాలము తెలుగులో కలియవచ్చును. కావలసినవి రెండు కుర్చీలు, ఒక టీ గిన్నె, తలుపు తెరచి కూర్చుండుటకు ఒకడు. దినమును వేళను ముంబయి కార్యాలయమునకు వ్రాసి తెలిపినచో, ఆ ఊరి వివరములు అడిగిన మూడవవానికి ఆ గది చిరునామా దొరకును.